భయం లేని తాలూకా

కోరాడ తవిటినాయుడు మహా ధైర్యవంతుడని చక్రవర్తిగారు సముద్రాల అవతల నుంచి వెండి పతకం పంపించారు. దాన్ని చొక్కాకి గుచ్చుతున్నంతసేపూ తవిటినాయుడి ఎడమ మోకాలు టకటకా కొట్టుకుంటూనే ఉంది. ఎవరూ చూడలేదు. దొరలు పతకం వైపు చూస్తారు గానీ పతకం కింద ఉన్న మనిషి వైపు ఎందుకు చూస్తారు?

బస్రా యుద్ధంలో అతను చేసిన ఘనకార్యం ఇది. నదికి అవతలి గట్టున శత్రువుల తుపాకులు, ఇవతలి గట్టున మన పటాలం. మధ్యలో పడవల వంతెన కట్టాలి. దానికి ఎవడో ఒకడు మోకు కొస పళ్ళతో కరిచిపట్టి అవతలికి ఈదాలి. ఒక్కడు కదల్లేదు. అప్పుడు కెప్టెన్ దొర పిస్తోలు తీసి, వరసలో నిలబడ్డవాళ్ళ మొహాలు ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చి తవిటినాయుడి ముందు ఆగాడు. అంతే. దొర నోరు తెరవకముందే తవిటినాయుడు మోకు కరుచుకుని నీళ్ళలో దూకేశాడు. చెవుల పక్క నుంచి తూటాలు దూసుకుపోతున్నా వెనక్కి తిరగలేదు. తిరిగితే దొర కనిపిస్తాడు కదా! అవతలి గట్టు ఎక్కి, మేకు పాతి, మోకు బిగించి అక్కడే కూలబడ్డాడు. ఇవతలికి రమ్మని ఎంత కేకేసినా రాలేదు. "శత్రువుల గట్టును విడిచి వచ్చుటకు నిరాకరించిన వీరుడు, లేశమాత్రమును భయమెరుగనివాడు" అని దొరలు రాసుకున్నారు. దాని కింద చక్రవర్తిగారి ముద్ర పడింది.

పతకంతో పాటు అతని సొంత ఊరు చీడివలసలో గెడ్డ, అంటే కొండవాగు, ఒడ్డున భూమి ఇచ్చారు. మంచి నేల. ఇన్నాళ్ళూ అది ప్రభుత్వ బంజరని కాగితాల్లో ఉండేది, పంట మాత్రం మునసబు సన్యాసిరాజు గాదెలోకి పోయేది. తవిటినాయుడు దున్ని చోళ్ళు, అంటే రాగులు, చల్లాడు. మొక్క లేచింది. పొద్దున్నే గట్టు మీద గొంతుకూర్చుని ఆ పచ్చదనాన్ని చూస్తుంటే మోకాలు కూడా నిమ్మళంగా ఉండేది. పుట్టి బుద్ధెరిగాక అతనికి తనది అని చెప్పుకోడానికి దొరికింది అదొక్కటే.

సరిగ్గా అప్పుడే ఎక్కడో ఇంకో జిల్లాలో ఇంకో పతకంవాడు గేదెను చూసి తాటిచెట్టు ఎక్కాడు. ఎక్కితే ఎక్కాడు, గవర్నరు దొరసాని టీ తాగుతుండగా ఆవిడ కళ్ళెదురుగా ఎక్కాడు. ఆవిడ చేతిలో బిస్కెట్టు జారి టీలో పడింది. సామ్రాజ్యం పరువు పోయింది. వెంటనే ఒక ఉత్తర్వు పుట్టింది. పేరు: సాహస పతక గ్రహీతల నిర్భయత్వ పరిరక్షణ నిబంధన. అందులో ఉన్నవి రెండే ముక్కలు. పతకం పుచ్చుకున్నవాడు పదిమందిలో భయపడ్డాడా, పతకమూ భూమీ వెనక్కి లాక్కుంటారు. వాడు భయపడే అవకాశం ఉన్న వస్తువు, జంతువు, మనిషి, ఏదైనా సరే, తాసీల్దారు ముందే కనిపెట్టి తాలూకా పొలిమేర దాటించాలి. దాటించకపోతే ఆ తాసీల్దారుకి ఈ జన్మలో ప్రమోషను లేదు.

తాసీల్దారు పేరి విశ్వపతిగారికి డిప్యూటీ కలెక్టరు కావాలని మహా కోరిక. ఉత్తర్వు అందిన మర్నాడే బళ్ళు కట్టించుకుని, గుమాస్తా నరసింగం పంతులుని వెంటేసుకుని చీడివలసలో దిగి, వీధి మధ్యన బల్ల వేయించి భయ విచారణ మొదలెట్టాడు. ఊరంతా చేరింది.

"ఓయీ వీరుడా! నీకు దేనివలననైనను భీతి కలుగునా? కలుగునెడల నిస్సంకోచముగ విన్నవింపుము. భీతి కలదని తేలినచో నీ భూమి పోవును."

"నేదు బాబూ."

"ఆ మోకాలేల కదలుచున్నది?"

"సలి బాబూ."

నడి వైశాఖం. తాసీల్దారు నెత్తి మీద విసనకర్ర ఊపుతున్న బంట్రోతు చెమట తుడుచుకున్నాడు.

మునసబు సన్యాసిరాజు చంకలో పందెం పుంజును పెట్టుకుని జనంలోంచి ముందుకొచ్చాడు. భూమి పోయినప్పట్నుంచి అతనికి తిండి సయించటం లేదు. "అమ్మమ్మా, జారిపోనాదే!" అంటూ పుంజును తవిటినాయుడి కాళ్ళ మీదికి వదిలేశాడు. తవిటినాయుడు పుంజుని చూశాడు, దాని వెనక మునసబుని చూశాడు, ఒక్క గెంతుతో తాసీల్దారు బల్ల ఎక్కేశాడు. సిరాబుడ్డి దొర్లింది.

"సూసేరా బాబూ!" మునసబు చప్పట్లు కొట్టాడు. "కోడికి బయపడ్డాడు. ఈడికి పతకం ఏటి, భూమి ఏటి? రాసీండి!"

తాసీల్దారు కలం ఎత్తాడు. ఎత్తినవాడు ఆగాడు. ఇది భయమని రాస్తే, భయం పుట్టకముందు కోడిని ఎందుకు దాటించలేదని తననే అడుగుతారు. కలం దించి గొంతు సవరించుకున్నాడు.

"ఇది భయము కాదు. సైనికుడు ఉన్నత స్థలము నధిష్ఠించి శత్రువును పరిశీలించుచున్నాడు. అయినను ఈ కుక్కుటము భయోత్పాదక జంతువుగా తోచుచున్నది. దీనిని తక్షణమే తాలూకా నుండి బహిష్కరించవలెను."

తుపాకులు భుజాన వేసుకుని ఇద్దరు కానిస్టేబుళ్ళు చెరో పక్కా నడుస్తుండగా పందెం పుంజు ఊరు విడిచింది. సంకెళ్ళు దాని కాళ్ళకి నిలవక జారిపోతుంటే కొబ్బరితాడు కట్టారు. పొలిమేర దాటిన పూటే పక్క తాలూకావాళ్ళు దాన్ని కూర వండుకు తిన్నారని తెలిసి మునసబు మంచం పట్టాడు.

ఇకముందు ఇలాంటిది జరగకుండా తాసీల్దారు ఒక యంత్రం కనిపెట్టాడు. తవిటినాయుడి ఎడమ మోకాలికి ఒక మువ్వ కట్టించాడు. నరసింగం పంతులుని ధైర్య పరిశీలకుడిగా నియమించి అతని అరుగు మీదే కాపురం పెట్టించాడు. మువ్వ మోగితే అది భయం కాదు, భయపూర్వ లక్షణం. అప్పుడు ఎదురుగా ఉన్నది ఏదో చూసి, దాన్ని పొలిమేర దాటించాలి. అసలు భయం పుట్టేలోపు కారణం మాయమైపోతుందన్నమాట. ఇంతకంటే పకడ్బందీ ఏర్పాటు ఏ దేశంలో ఉంది?

తవిటినాయుడి పెళ్ళాం గవరమ్మ అంబలి పోస్తూ అడిగింది. "ఏటయ్యా, నీకు కోడంటే అంత బయమేటి?"

"కోడికి బయమేటే? కోసుకు తింతాం. అది మునసబు సంకలోంచి దిగింది. మునసబంటే బయం."

గవరమ్మ గరిటె కింద పెట్టి దగ్గరికి జరిగింది. "అలగైతే ఆ ముక్క నువ్వు నోటితో సెప్పకు. నీ మోకాల్నే సెప్పనీ."

మోకాలు చెప్పింది. ఆ వారంలోనే ఫారెస్టు రేంజరు దొరగారి మకాం ఊళ్ళోకి వస్తుందన్నారు. మకాం అంటే ఊరికి తెలుసు. కోళ్ళు, నెయ్యి, పాలు ఊరివి. సామాను మోసే భుజాలు ఊరివి. మోసినవాడికి దక్కేది తన్నులు. దానికి వెట్టి అని పేరు. మునసబు మంచం దిగి ఇల్లిల్లూ తిరుగుతూ తవిటినాయుడి గుమ్మం ముందుకొచ్చాడు.

"ఒరే తవుడూ! భూమి తిన్నావు గదా, ముందు నీ ఇంట్లోంచే రెండు పెట్టలు తీ!"

గల్లుగల్లుమంది మువ్వ.

పంతులు అరుగు మీద కునుకు తీస్తున్నవాడల్లా లేచి కూర్చుని, కళ్ళజోడు సవరించుకుని, తవిటినాయుడి ఎదురుగా ఏముందో చూశాడు. మునసబు తప్ప ఏమీ లేదు. పాపం పంతులు మంచివాడే, కానీ ఉత్తర్వు ఉత్తర్వే. "క్షమించాలి రాజుగారూ. తమరు భయోత్పాదకులుగా తేలారు."

"నానా? నాను మునసబుని!"

"అదే కదండీ కారణం."

పుంజుని తీసుకెళ్ళిన కానిస్టేబుళ్ళే మునసబునీ తీసుకెళ్ళారు. ఈసారి సంకెళ్ళు సరిపోయాయి. వసూలు చేసి పెట్టేవాడు లేక రేంజరు మకాం ఆ చాయలకే రాలేదు. ఊళ్ళో పెట్టలన్నీ ఆ రాత్రి గూట్లోనే పడుకున్నాయి.

ఆ మర్నాటి నుంచి తవిటినాయుడికి తీరిక లేకుండా పోయింది. తెల్లారకుండానే గుమ్మం ముందు జనం.

"మావా, రేపు కట్టెలకి ఎల్తాం, నివ్వు రావాల. ఫారెస్టు గార్డు కొడవళ్ళు లాక్కుంతన్నాడు."

"నాయుడు బావా, మా గుంటడ్ని టేసన్లో పెట్టినారు. ఒక్కపాలి అలగ వొచ్చి నిలబడు. ఏటీ మాటాడక్కర్లేదు."

"మా ఊరికి పంపండమ్మా గవరమ్మా, పెసర పిండొంటలు సేసి ఉంచినాం."

నడిచి తిరగలేక కాళ్ళు వాచిపోతే మంచం మీద కూర్చోబెట్టి మోసుకెళ్ళారు. వెనకాల పంతులు గొడుగు వేసుకుని పరుగు. అడవి అంచున మంచం దింపితే చాలు, గార్డు చెట్ల చాటు నుంచి తొంగిచూసి, గల్లుమనేలోపు పొదల్లో పడి పారిపోయేవాడు. ఆడవాళ్ళు కట్టెలు కొట్టుకుంటూ పకపకా నవ్వేవారు. స్టేషను ముందు మంచం దింపితే హెడ్డు కానిస్టేబులు వెనక కిటికీలోంచి దూకేశాడు. లాకప్పులో ఉన్నవాడే తాళంచెవి వెతుక్కుని తలుపు తీసుకుని బయటికొచ్చాడు. బస్రాలో కూడా ఇంత చాకిరీ చెయ్యలేదని తవిటినాయుడు వాపోయేవాడు. కానీ సాయంత్రం గెడ్డ ఒడ్డుకి వెళ్ళి చోళ్ళు మోకాలెత్తు లేవటం చూసుకుంటే అలసట పోయేది. మువ్వ ఊరుకుంటే చేను ఉంటుంది. మువ్వ ఊరుకోవాలంటే వీళ్ళెవరూ ఎదుట ఉండకూడదు. లెక్క సరిగ్గానే ఉంది.

తాలూకాలో ఉద్యోగులందరూ పొలిమేర అవతల చింతతోపులో గుడారాలేసుకున్నారు. మునసబు వాళ్ళకి వంట చేస్తున్నాడు. ఇలా అయితే పరిపాలన ఏం కావాలి? తాసీల్దారు ఆలోచించి ఇంకో సర్క్యులరు జారీ చేశాడు. భయం కలిగేది మనిషిని చూసి కాదు, వేషాన్ని చూసి. కాబట్టి పోలీసు వగైరాలు లాఠీలకు పసుపు రాసి బంతిపూల దండలు చుట్టవలెను, బూట్లు విడిచి నడవవలెను, గ్రామములలో ప్రవేశించునపుడు మందహాసము చేయవలెను.

హెడ్డు ముప్పై ఏళ్ళ సర్వీసులో ఎప్పుడూ నవ్వలేదు. అద్దం ముందు నిలబడి నేర్చుకుని, పూల లాఠీ పుచ్చుకుని, పళ్ళన్నీ బయటపెట్టి చీడివలస వీధిలోకి వచ్చాడు. అంతవరకు తవిటినాయుడికి మోకాలే వణికేది. నవ్వుతున్న హెడ్డుని చూసేసరికి ఒళ్ళంతా వణికింది. మువ్వ తాడు తెంపుకుని ఎగిరి పంతులు ఒళ్ళో పడింది.

"నవ్వకండి హెడ్డుగారూ, మీకు పుణ్యం ఉంటుంది!" అని పంతులు అరిచాడు. "ఆ నవ్వు మీరు నవ్వేకంటే కొట్టడమే నయం!"

చివరికి తాసీల్దారు స్వయంగా వచ్చాడు. మళ్ళీ కట్టిన మువ్వ మోగింది. పంతులు లేచి చేతులు కట్టుకుని తల వంచుకున్నాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తాసీల్దారు వెనక్కి తిరిగి, తన ఉత్తర్వు ప్రకారం తనని తానే బహిష్కరించుకుని చింతతోపులోకి వెళ్ళాడు. అయినా సంతోషంగానే వెళ్ళాడు. ఎందుకంటే భయం అనేది తాలూకాలో ఒక్క చోట కూడా నమోదు కాలేదు. "ఈ తాలూకాయందు భయము నిశ్శేషముగా నిర్మూలింపబడినది" అని కలెక్టరు దొరకి రాశాడు. కలెక్టరు దొర గవర్నరుకి రాశాడు. గవర్నరు మహా మురిసిపోయి తవిటినాయుడికి ఇంకో పతకం పంపుతూ, కలెక్టరు దొరనే దర్బారు చేసి బహిరంగంగా తొడగమన్నాడు.

ఆ కబురు వినగానే తాసీల్దారు చింతతోపులోంచి పరుగున బయల్దేరాడు. తవిటినాయుడి ఇంటికొచ్చి, తడిక అడ్డం పెట్టుకుని, తడిక అవతల నుంచి మాట్లాడాడు. మొదటిసారి మామూలు మనిషి భాషలో మాట్లాడాడు.

"నాయుడూ, ఒక్క గంట. ఒక్క గంట ఓర్చుకో. కలెక్టరు దొర ఎదుట వణికావంటే నీ భూమి పోతుంది, నా ఉద్యోగం పోతుంది."

"నాను వొణకను బాబూ. మోకాలు వొణుకుతాది."

"కదలకుండా దానికి వెదురు దబ్బలు కట్టిద్దాం. మువ్వలో దూది కూరిద్దాం."

దర్బారు రోజున కాంపౌండరు వచ్చి వెదురు దబ్బలు బిగించి కట్టాడు. మువ్వ నిండా దూది కూరాడు. చీడివలసలో వేసిన షామియానా కింద తాలూకా జనమంతా చేరారు. తడికల వెనక ఉద్యోగులు. వాళ్ళ వెనక మునసబు. కలెక్టరు దొర గుర్రం దిగి, బూట్లు టకటకలాడించుకుంటూ వచ్చి, రెండో పతకాన్ని మొదటి పతకం పక్కన గుచ్చాడు.

మోకాలు కదల్లేదు. దబ్బలు గట్టివి. కింద దారి మూసుకుపోయిన వణుకు పైకి ఎక్కింది. నడుం దాటి రొమ్ముకి చేరింది. రొమ్ము మీద రెండు పతకాలు ఒకదానికొకటి కొట్టుకుని గణగణా మోగాయి. అంత పెద్ద షామియానాలో ఆ ఒక్క చప్పుడే.

"ఏమిది?" అన్నాడు కలెక్టరు దొర.

"ఆనందము, ప్రభూ!" అని తడిక వెనక నుంచి తాసీల్దారు గొంతు.

"బయం బాబూ, బయం!" అని ఇంకా వెనక నుంచి మునసబు కేక. "బయపడతన్నాడు! నా భూమి నాకిప్పించండి!"

కలెక్టరు దొర వంగి తవిటినాయుడి మొహంలోకి చూశాడు. "నీకు... భయము... ఉన్నదా?"

తవిటినాయుడికి గెడ్డ ఒడ్డున కంకి పట్టిన చోళ్ళు కళ్ళలో మెదిలాయి. ఉందంటే చేను పోతుంది. లేదంటే పతకాలు వినేలా లేవు. దొర ఎదురుగా ఉన్నాడు. ఆనాడైతే దూకి పారిపోవడానికి నది ఉంది. ఈసారి నది కూడా లేదు.

"ఉంది దొరా," అన్నాడు.

తడిక వెనక ఎవరో కూలబడిన చప్పుడు.

"దేనిని చూసి?"

"మిమ్మల్ని సూసే. ఆ యేల నదికాడా మీలాటి దొరని సూసే దూకీనాను. ముందు తుపాకులుండీవి, ఎనక దొర ఉండీవోడు. తుపాకులే నయమని అటెల్లిపోనాను. మరి రమ్మంటే ఎలగొస్తాను? ఇటు దొరలే ఉండీవోరు గదా!"

కలెక్టరు దొర మొహం ఎర్రబడింది. "పతకం తీసేయండి! భూమి తీసేయండి!" అని అరిచాడు.

పంతులు ఉత్తర్వు పట్టుకుని ముందుకొచ్చాడు. అందులో వేలు పెట్టి చూపిస్తూ చెప్పాడు. ఈ మనిషికి లేశమాత్రమూ భయం లేదని చక్రవర్తిగారి ముద్ర ఉంది ప్రభూ. పతకం తీసేస్తే చక్రవర్తిగారు పొరబడ్డారని రాయాలి. భయం ఉందని రాస్తే, భయ కారణాన్ని ముందే పొలిమేర దాటించలేదేమని అడుగుతారు. కారణం ఎవరని అడుగుతారు. ఆ కారణాన్ని దర్బారుకి ఎవరు పిలిచారని గవర్నరుగారిని కూడా అడుగుతారు.

కలెక్టరు దొర లెక్క వేసుకున్నాడు. చక్రవర్తి పొరబడడు. గవర్నరు పొరబడడు. కలెక్టరు పొరబడడు. మరి పొరపాటు ఎక్కడ జరిగినట్టు? దొర మహా తెలివైనవాడు. మ్యాపు తెమ్మన్నాడు.

"ఈ గ్రామము ఇక్కడ ఉండుటయే పొరపాటు," అన్నాడు.

బల్ల మీద మ్యాపు పరిచి, చీడివలస అన్న చోట రబ్బరుతో గీకించాడు. ఊరే లేకపోతే ఊళ్ళో దర్బారు జరగలేదు. దర్బారు జరగకపోతే ఎవడూ వణకలేదు. పతకాలు పదిలం, పరువు పదిలం. లేని ఊళ్ళో భూమిని వెనక్కి తీసుకోవడం ఎవరి తరమూ కాదు. కాగితాల మీద సంతకాలు పెట్టి, లేని ఊళ్ళో నిలబడటం ఉద్యోగధర్మానికి విరుద్ధమని గుర్తొచ్చి, దొర గబగబా గుర్రమెక్కాడు. తాసీల్దారు, హెడ్డు, గార్డు అందరూ ఆయన వెనక పరుగెత్తారు. లేని ఊరికి మునసబు ఎందుకు? సన్యాసిరాజు ఉద్యోగం కూడా రబ్బరు పొట్టుతో పాటు ఊడ్చుకుపోయింది.

గవరమ్మ మొగుడి కాలి దబ్బలు విప్పుతూ అడిగింది. "ఇప్పుడు మనం ఉన్నట్టా, నేనట్టా?"

"ఆళ్ళ లెక్కలో నేం."

"అమ్మయ్య!" అంది గవరమ్మ.

ఆ యేడు చీడివలసకి శిస్తు అడిగేవాడు రాలేదు. మకాం రాలేదు, వెట్టి లేదు. తవిటినాయుడు చోళ్ళు కోసి, నూర్చి, తన చేత్తో తన ఇంట్లోకే మోసుకున్నాడు.

నూర్పిళ్ళు అవుతుండగానే పక్క తాలూకా గొట్టిపల్లి నుంచి పెద్దమనుషులు వచ్చి కళ్ళంలో కూర్చున్నారు. వాళ్ళలో ముసలి రామినాయుడు మాట కదిపాడు.

"తమ్ముడా, మమ్మల్ని కూడా నేకుండా సేయించు. నీ కాళ్ళట్టుకుంతాం."

"నాదేటుంది అన్నా? మీరూ బయపడండి."

"బయపడకేటి, పుట్టినకాడ్నించి అదే పని గదా! మా బయం ఎవడిక్కావాల? మాకు పతకం నేదు. పతకం నేనోడు బయపడితే తంతారు."

తవిటినాయుడు ఆలోచించాడు. గవరమ్మ వైపు చూశాడు. గవరమ్మ లోపలికెళ్ళి దర్బారులో ఇచ్చిన రెండో పతకం తెచ్చి చేతిలో పెట్టింది. అతను దాన్ని రామినాయుడి భుజమ్మీద తువ్వాలుకి గుచ్చాడు.

ముసలాయన బిత్తరపోయాడు. "ఓర్నాయనా, నానేం దైర్యం సేసినానని?"

"రేపు మీ తాసీల్దారు కాడికెల్లి, పదిమంది ముందర, 'బాబూ, మీరంటే నాకు బయం' అనీసి పెద్దగా సెప్పు. సెప్పినాక ఆ పతకం నీదే."

రామినాయుడు తువ్వాలు సర్దుకుని లేచాడు. కాళ్ళు రెండూ వణుకుతున్నాయి. ఆ వణుకుతోనే నడుచుకుంటూ వెళ్ళాడు.

ఆ నెలాఖరుకి జిల్లా మ్యాపులో గొట్టిపల్లి కూడా లేదు.